సగంలో ఆగిన కేక

శనివారం, 4 డిసెంబర్ 1937
కొండ మీది మన ఇంటి నుంచి

చిరంజీవి జంఫీరకి,

మీ తాత ఇరీమియ నీ నెత్తిన చెయ్యి పెట్టి, రెండు బుగ్గలూ గిల్లి, ఆ తర్వాతే ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాడు. ఇక్కడ మేమంతా బాగున్నాం. ఆ బాగులో సగం విరిచి నీకు పంపుతున్నాను, తీసుకో. మీ అమ్మమ్మ బాగుంది, అంటే నన్ను తిడుతోంది. మీ అమ్మ బాగుంది, ఆవు బాగుంది. గుర్రం ఒక్కటే దగ్గుతోంది. అది కూడా నేను చుట్ట కాల్చినప్పుడే దగ్గుతోంది, నన్ను వెక్కిరించడానికే అని నా అనుమానం.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, ఫాదర్ గావ్రిల్ చేత రాయించలేదు. నువ్వు కవరు మీద ‘తాతకి మాత్రమే’ అని రాశావు కదా, పోస్టుమాన్ ఆ ముక్క ఊరంతా చదివి వినిపించి మరీ నా చేతికిచ్చాడు. కాబట్టి అక్షరాలు చూసి నవ్వకు. నా అక్షరాలు గొర్రెల్లాంటివి. ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నడుస్తున్నట్టే ఉంటాయి, కాస్త పరాకుగా ఉంటే ఒకటి గట్టు దాటి పక్క వరసలో మేస్తూ కనిపిస్తుంది. తోలుకొచ్చేసరికి ఇంకోటి పోతుంది.

ముందు ఊరి కబుర్లు. మన పక్కింటి నికిఫోర్ పంది కాలు విరగ్గొట్టుకుంది. ఇగ్నాత్ పండగ రాకుండా పందిని కొయ్యకూడదన్న సంగతి దానికెవరూ చెప్పినట్టు లేదు. ఇరవయ్యో తారీకు దాకా ఆగలేక కంచె దూకబోయింది. చేసేది లేక ఇప్పుడే కోశారు. నికిఫోర్ సిగ్గుతో తలుపు తియ్యడం లేదు. నేను మాత్రం రోజూ పొద్దున్నే వాళ్ల గేటు దగ్గర నిలబడి, ఏం బావా, ఈస్టర్ కూడా ఈ నెల్లోనే కానిచ్చేస్తావా అని అడిగొస్తున్నాను. నిన్న లోపల్నించి చెప్పు విసిరాడు. మంచి చెప్పు. రెండోది కూడా విసిరితే ఉంచుకుందామని కాసేపు ఆగాను, విసరలేదు.

ఫాదర్ గావ్రిల్ మొన్న ఆంద్రేయి పండగనాడు గట్టిగా ప్రసంగం చేశాడు. కిటికీలకి వెల్లుల్లి రుద్దడం మూఢనమ్మకమట, దేవుణ్ణి నమ్మినవాడికి నెత్తురు తాగే స్త్రిగోయ్ దెయ్యాల భయం ఉండకూడదట. ఆయన మాట్లాడుతుంటే ముందు వరసలో ఉన్న నాకు కళ్లు మండి నీళ్లు కారాయి. అందరూ నా భక్తికి మెచ్చుకున్నారు. భక్తి కాదు, పాపం ఆయన పెళ్లాం ముందురోజే ఇంట్లో కిటికీలన్నింటికీ వెల్లుల్లి రుద్ది, చేతులు కడుక్కోకుండా ఆయన గడ్డం దువ్వినట్టుంది.

సరే, ఇక నీ సంగతి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాల కోసం, రెండోసారి అర్థం కోసం, మూడోసారి ఊరికే. నువ్వు రాసింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడు. మీ హాస్టల్ అన్నాల గదిలో తింక రొట్టె కోస్తూ బొటనవేలు కోసుకుంది. నువ్వు స్నేహితురాలివి కాబట్టి గబుక్కున ఆ వేలు నోట్లో పెట్టుకున్నావు. అంతవరకూ ఎవరైనా చేసేదే. ఆ తర్వాత వదల్లేదు. ఇక చాల్లే జంఫీరా అందిట, వదల్లేదు. ఒసే, చాలంటుంటే అందిట, వదల్లేదు. మూడోసారి లాక్కుంటే తెలివొచ్చింది. తింక మొహం పిండిలా తెల్లబడింది, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ చూశారు. నీకు మాత్రం నోట్లో ఆ రుచి మూడు రోజులు పోలేదు. పోకూడదని అనిపించిందని కూడా రాశావు. ఆ వాక్యం మీద గీతలు గీసి కొట్టేశావు కానీ, గొర్రెల కాపరి కళ్లు నావి, గీతల కింద ఉన్నది కనబడుతుంది.

అప్పట్నించీ హాస్టల్లో నీ పేరు స్త్రిగోయ్ అయింది. నెత్తురు తాగేదొచ్చింది, మెడలు దాచుకోండే అంటున్నారట. ఆంద్రేయి పండగ ముందు సాయంత్రం ముప్పై మంది పిల్లలూ కలిసి కిటికీలకీ, తలుపులకీ, చివరికి నీ ఇనప మంచం ఊచలకీ వెల్లుల్లి రుద్దారు. ఆ వాసనకి ఊపిరాడక నువ్వు వరండాలోకి వచ్చి నిలబడ్డావు. తింక వచ్చి తడిగుడ్డతో నీ మంచం తుడిచింది. ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లి పడుకుంది. ఇప్పటికీ మాట్లాడ్డం లేదు. నువ్వూ మాట్లాడ్డం లేదు.

ఒక్క ముక్క చెప్పనీ. ఆ రాత్రి కలలో పెళ్లికొడుకు కనబడాలని దిండు కింద గోధుమగింజలు పెట్టుకునేదీ ఆ పిల్లలే కదా. ముప్పై మంది అంత వెల్లుల్లి పూసుకుని పడుకుంటే ఏ పెళ్లికొడుకు వస్తాడే కలలోకి? గుమ్మం దాకా వచ్చి ముక్కు మూసుకుని పక్కూరి పిల్లల కలల్లోకి పోతాడు. చూస్తూ ఉండు, ఈ ఏడు మీ హాస్టల్లో ఒక్కదానికీ పెళ్లి కుదరదు.

నవ్వావా? నవ్వకపోయినా నవ్వానని రాయి.

చివర్లో రాశావు, బుధవారం బండికి పెట్టె సర్దుకుని వచ్చేస్తానని, ఇక మళ్లీ వెళ్లనని. నేను మనిషిని కాను తాతా, ఎప్పుడో ఒకరోజు తింకని చంపేస్తాను, దూరంగా ఉండటమే నయం అని. ఇంకో ఏడాదిన్నర చదివితే టీచరమ్మవి అయ్యేదానివి. మన కొండ మీంచి ఇంతవరకూ ఒక్క టీచరూ దిగలేదు, ఎక్కలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం సోమవారం పోస్టుమాన్‌కి ఇస్తే మంగళవారం నీకు అందుతుంది. పెట్టె కట్టడం ఆపి చదువు.

ఇందులో నీ తప్పేం లేదు. తప్పు నాది. ఎలాగో చెప్తాను.

నువ్వు అమ్మ కడుపులోని పొర నెత్తిన కప్పుకునే పుట్టావు. ఆ సంగతి నీకు తెలుసు. పొరతో పుట్టిన బిడ్డ పెరిగి స్త్రిగోయ్ కాకుండా ఉండాలంటే మంత్రసాని ఆ పొర చించి, బయటికొచ్చి ఊరంతా వినబడేలా కేక వెయ్యాలి. వినండహో, నేల మీద తోడేలు పుట్టింది అని సగం. మనుషుల్ని తినే తోడేలు కాదు, పని చేసే తోడేలు, అదృష్టం తెచ్చే తోడేలు అని మిగతా సగం. రెండు సగాలూ ఊరు వినాలి. అది వినబడ్డాక బిడ్డ దారి బిడ్డ తెలుసుకుంటుందని మనవాళ్ల నమ్మకం.

ఆ రోజు మోకాళ్ల లోతు మంచు. మంత్రసాని సఫ్తాకి తుంటి నొప్పి. ఒరే ఇరీమియా, ఆ గొంతుతో నన్ను ఊరికే విసిగిస్తావుగా, ఇవాళైనా పనికిరా, పోయి కప్పెక్కి కేక వెయ్యి అంది. ఎక్కాను. వినండహో, తోడేలు పుట్టింది అని అరిచాను. పక్కదొడ్లోంచి నికిఫోర్ తల పైకెత్తి, అయితే ముందు నీ గొర్రెల్నే తినమను, నా వాటిమీద ఉన్ని కూడా లేదు అన్నాడు. ఉన్ని ఎందుకుంటుంది బావా, నువ్వే పీక్కుని టోపీ చేసుకున్నావుగా అన్నాను. వాడు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. వాడి పొట్టేలు గురించి నేనన్నాను, నా పెళ్లి గురించి వాడన్నాడు. గంట సేపయ్యాక ఇద్దరికీ చలేసి, ఇద్దరం దిగి వాళ్లింట్లో పళ్లసారా తాగాం.

రెండో సగం అరవడం మర్చిపోయాను, జంఫీరా. పదిహేనేళ్లు నువ్వు సగం కేకతో తిరుగుతున్నావు. ఊరు విన్నది తోడేలు పుట్టిందని మాత్రమే. అందుకే నీకీ దాహం.

అందుకని నిన్న పొద్దున నిచ్చెన వేసి మళ్లీ ఎక్కాను. కప్పు మీద మంచు జారుతోంది. మీ అమ్మమ్మ కింద నిలబడి, దిగు ముసలాడా, నీకోసం ఇప్పుడు గొయ్యి తవ్వాలంటే నేల గడ్డకట్టి ఉంది, వసంతంలో పడుదువుగాని అని అరుస్తోంది. పొగగొట్టం పట్టుకుని, గుండెనిండా గాలి పీల్చి అరిచాను. వినండహో! జంఫీర మనుషుల్ని తినే తోడేలు కాదు! పని చేసే తోడేలు! అదృష్టం తెచ్చే తోడేలు! కుక్కలన్నీ లేచాయి. నికిఫోర్ ఒంటి చెప్పుతో బయటికొచ్చి, పదిహేనేళ్లు ఎక్కడ చచ్చావురా ఈ సగం చెప్పకుండా, నా పెళ్లాం అప్పట్నించీ ఎదురుచూస్తోంది అన్నాడు. అతని భార్య గడప మీద నిలబడి, విన్నాం బావగారూ, విన్నాం అంది. ఆవిడ తర్వాత పైవీధిలో ఇంకెవరో విన్నామన్నారు. అలా ఒక్కొక్క గేటు దగ్గర్నించీ విన్నాం, విన్నాం అని వాగు దాకా వెళ్లింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి వెల్లుల్లి వల్ల కాదు.

కాబట్టి పని అయిపోయింది. ఇక నీకేమీ కాదు. పెట్టె విప్పేసి, బట్టలు మళ్లీ బీరువాలో పెట్టుకుని, పుస్తకం తెరువు. బుధవారం బండికి రానవసరం లేదు, క్రిస్మస్ సెలవులకి అందరితో పాటు రా.

నిన్ను రోజూ తలుచుకునే, మీ అమ్మమ్మ చేత రోజూ తిట్లు తినే,
మీ తాత
ఇరీమియ


తాజా కలం: ఆదివారం మధ్యాహ్నం.

నిన్న రాత్రి ఉత్తరం మడిచి, మైనం కరిగించబోతూ మీ అమ్మమ్మకి చదివి వినిపించాను. సంకటి గెలుకుతూ అంతా వింది. బాగుంది, నువ్వు కప్పు మీద ఏడవడం మరీ బాగుంది అంది. గరిటె పక్కన పెట్టి, మరి పై వారం ఆ పిల్లకి మళ్లీ దాహం వేస్తే అప్పుడేం రాస్తావు, ఇంకో కప్పు ఎక్కానని రాస్తావా అంది.

పొద్దున చర్చిలో కూర్చున్నంతసేపూ అదే మాట చెవిలో మోగింది. మళ్లీ దాహం వేస్తుంది. అప్పుడు నువ్వు, కేక పూర్తయినా నాకు తగ్గలేదు, ఇక నాకు మందే లేదు అనుకుంటావు. ఈసారి ఉత్తరం కూడా రాయకుండా పోతావు.

అందుకని నిజం రాస్తున్నాను. పైన రాసింది చింపెయ్యబుద్ధి కాలేదు. అంత బాగా ఎప్పుడూ రాయలేదు నేను.

మొన్న నేను ఏ కప్పూ ఎక్కలేదు. ఈ మోకాళ్లతో మంచం ఎక్కడమే గొప్ప. నువ్వు పుట్టిన రోజున మాత్రం ఎక్కాను, కానీ కేక సగంలో ఆపలేదు. మొత్తం అరిచాను, రెండుసార్లు అరిచాను. నికిఫోర్‌తో గొడవ ఆ తర్వాత జరిగింది. నీకు ఏ లోటూ చెయ్యలేదు మేము.

నాకూ ఎవరూ చెయ్యలేదు. నేనూ పొరతోనే పుట్టాను, జంఫీరా. మా నాయనమ్మ నాకోసం మూడు కొండలకి వినబడేలా అరిచిందట. అయినా పద్నాలుగో ఏట దాహం వచ్చింది. తోక మొలుస్తుందని కూడా చెప్పుకునేవాళ్లు, అది మొలవలేదు. మొలిస్తే ఎండాకాలం ఈగలు తోలుకోవడానికైనా పనికొచ్చేది. మీ అమ్మకి రాలేదు, నీకొచ్చింది. ముక్కు కూడా నాదే వచ్చింది, దానికీ క్షమించు.

నేనూ ఇప్పుడు నువ్వున్న పట్నంలోనే చదివాను. మగపిల్లల హాస్టల్, తోళ్లు పదునుచేసే చోటుకి వెనక. మీ అమ్మకి కూడా తెలీదు. ఒక్కో మంచం మీద ఇద్దరిద్దరం పడుకునేవాళ్లం. నా పక్క వాసియాన్ అని ఒకడు. లెక్కల్లో పులి, నిద్రలో ఎద్దు, నా కంబళి కూడా వాడే కప్పుకునేవాడు. ఒకరోజు తెల్లవారుజామున వాడికి ముక్కులోంచి నెత్తురు కారింది. మిగతాది నీకు చెప్పక్కర్లేదు. నీలాగే నేనూ వదల్లేదు. వాడు చావలేదు కానీ వారం రోజులు గోడ పట్టుకుని నడిచాడట. ఆ ‘అట’ ఎందుకంటే నేను చూడలేదు. ఆ పొద్దునే కిటికీ దూకి, రెండు రోజులు నడిచి ఇంటికొచ్చేశాను. మేష్టారు కొట్టాడని చెప్పాను. అందరూ నమ్మారు, మా మేష్టారు అలాంటివాడే. నా చదువు అక్కడితో సరి.

సెలవులివ్వగానే వాసియాన్ మంచులో మా ఊరు వచ్చాడు. నా పుస్తకాలు, నేను వదిలేసిన బూట్లు వీపున కట్టుకుని వచ్చాడు. నేను గడ్డి అటక మీద దాక్కుని, లేనని చెప్పమని మా అమ్మతో చెప్పాను. పలకల సందులోంచి చూస్తూనే ఉన్నాను. కాళ్లు మార్చి మార్చి నిలబడ్డాడు, చేతుల్లోకి ఊదుకున్నాడు. పొద్దు వాలేదాకా గేటు దగ్గరే ఉన్నాడు. వెళ్లేముందు మా అమ్మతో అన్నాడట, వాడితో చెప్పండత్తా, నాకేం కోపం లేదని, కావాలంటే ఈసారి ముందు అడగమనండి, నేను కాదంటే ఆగమనండి, అంతే అని. మా అమ్మకి ఆ మాట ముక్క అర్థం కాలేదు, అప్పు సంగతనుకుంది.

మళ్లీ వాణ్ణి చూడలేదు. ఎప్పటికప్పుడు వెళ్దామనుకున్నాను. వాడు ఇక లేడని రెండేళ్ల కిందట తెలిసింది.

ఎనిమిదేళ్లు నేను మనుషుల మధ్యకి రాలేదు. గొర్రెలతో కొండ మీదే ఉండేవాణ్ణి, అందరూ కష్టజీవి అనుకున్నారు. తర్వాత మీ అమ్మమ్మ దొరికింది. పెళ్లికి ముందే అంతా చెప్పాను, పారిపోతుందనుకున్నాను. ఆవిడ నన్ను కిందనించి పైకి చూసి, తాగుడు అలవాటున్న మొగుడి కన్నా నయమే, కనీసం ఏం తాగుతావో తెలుసు అంది. మీ అమ్మమ్మ పరస్కీవ అంటే అంతే. దాహం మరీ మీదికొచ్చినప్పుడు, ఏడాదికి ఒకట్రెండుసార్లు, చిటికెనవేలు సూదితో పొడిచి ఇస్తుంది. ముందు కాళ్లు కడుక్కో పిశాచమా అంటుంది. చాలు అంటుంది. ఆగుతాను. యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆగకుండా లేను. నా మీద కోపమొస్తే మాత్రం పులుసులో వెల్లుల్లి రెబ్బ వేస్తుంది, మెడంతా దద్దుర్లు లేస్తాయి. తేనెటీగలు కుట్టాయని ఊళ్లో చెప్పుకుంటాను, నడిచలికాలంలో కూడా.

మిగతా రోజులకి మామూలు తిండే చాలు. నికిఫోర్ పంది నెత్తురు పోసి ఉడికించిన పేగులు ఈ ఉత్తరంతో పాటు గుడ్డలో కట్టి పంపుతున్నాను. ఆకలి రాకముందే తిను, వచ్చాక కాదు. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడే అది మన మీద స్వారీ చేస్తుంది. ఇది నాకెవరూ చెప్పలేదు, ఎనిమిదేళ్లు పట్టింది తెలుసుకోవడానికి. నువ్వు ఈ ఉత్తరం చదివి ఒక్క సాయంత్రంలో తెలుసుకున్నావు, అంటే నాకన్నా బాగా చదువుకున్నట్టే.

నువ్వు మనిషివి కావని రాశావు. నేను మనిషిని కాకపోతే ఇన్నేళ్లుగా మీ అమ్మమ్మ ఎవర్ని తిడుతోంది?

తింక మంచం ఎందుకు తుడిచిందో నీకు తెలీదన్నావు. నీకు తెలుసే. మంచం ఎవరి కోసం తుడుస్తారు, పడుకోవాలనే కదా. ఆ పిల్ల నీ కోసం అంతదూరం వచ్చి నిలబడింది, ఇక తను మాట్లాడదు. ఇప్పుడు నీ వంతు. బుధవారం బండి దాని మానాన అది పోతుంది. నువ్వు తింక దగ్గరికెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పు. భయపడితే పడనీ, అరిస్తే అరవనీ. ఏదైనా ఆ పిల్ల నోటితో విను, సందుల్లోంచి చూసి ఊహించుకోకు.

నేను అటక దిగలేదు, జంఫీరా. నువ్వు దిగు.